కూలిన తీరు: కచ్ దారుల్లో పాత భూకంపాల జాడలు

అహ్మదాబాద్ పాతబస్తీలో మాణెక్ చౌక్ పక్కన జామా మసీదు ఉంది. ఆవరణలో నిలబడి చూస్తే నడిమి పెద్ద కమానుకు అటూ ఇటూ రెండు రాతి మొదళ్లు కనిపిస్తాయి. కింది నుంచి పైదాకా వేలు పెట్టే సందు లేకుండా చెక్కిన లతలు, గూళ్లు, పట్టీలు. కప్పు మట్టానికి వచ్చేసరికి ఆ పనితనం ఒక్కసారిగా ఆగిపోతుంది. 1424లో సుల్తాన్ అహ్మద్ షా కట్టించిన ఈ మసీదుకు ఒకప్పుడు ఎత్తయిన మినార్లు ఉండేవి. 1819 జూన్ 16 సాయంత్రం వచ్చిన భూకంపానికి అవి కూలాయి. ఆ భూకంపం పుట్టింది ఇక్కడ కాదు. పడమటగా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కచ్ రణ్ అనే ఉప్పు మైదానంలో.

ఈ మొదళ్ల విషయంలో చిక్కేమీ లేదు. ఏ రోజు పడ్డాయో, ఎందుకు పడ్డాయో రాసిపెట్టినవాళ్లు ఉన్నారు. కానీ రాత లేని కాలం సంగతేమిటి? రాతలున్నా తేదీలు ఒకదానితో ఒకటి పొసగని కాలం మాటేమిటి? భూకంపాలను కొలిచే యంత్రాలు వచ్చి నిండా నూట యాభై ఏళ్లు కాలేదు. ఒకే చోట పెద్ద భూకంపం మళ్లీ రావడానికి వందల ఏళ్లు పట్టవచ్చు, వేల ఏళ్లూ పట్టవచ్చు. అంటే యంత్రాల దగ్గరున్న లెక్క చాలా కురచ. ఆ కొరత తీర్చడానికే గుళ్లు, కోటలు, పాతిపోయిన ఊళ్లు చెప్పేది వినే శాస్త్రం ఒకటి రూపుదిద్దుకుంది. ఆర్కియోసీస్మాలజీ అని దాని పేరు. పురావస్తు తవ్వకం, భూగర్భ శాస్త్రం, కట్టడాల ఇంజినీరింగ్, పాత దస్తావేజులు, ఈ నాలుగూ కలిస్తేనే అది నడుస్తుంది. దాన్ని కళ్లతో చూసి నేర్చుకోవాలనుకునే తెలుగు యాత్రికుడికి కచ్‌ను మించిన చోటు మన దేశంలో మరొకటి దొరకదు.

అహ్మదాబాద్ నుంచి భుజ్‌కు రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి సూరజ్‌బారీ వంతెన దాటి కచ్‌లో ఉంటారు. రోడ్డుకు రెండు వైపులా ఉప్పు మడులు, తుమ్మ పొదలు. బోర్డుల మీద వరుసగా కనిపించే పేర్లు భచావు, అంజార్, భుజ్. 2001 జనవరిలో పేపర్లు చదివినవాళ్లకు ఈ మూడు పేర్లూ ఈనాటికీ గుర్తే. ఆ జనవరి 26 ఉదయం 8 గంటల 46 నిమిషాలకు భూమి కంపించింది. అంజార్‌లో రిపబ్లిక్ డే ఊరేగింపులో నడుస్తున్న బడిపిల్లల మీద ఇరుకు వీధిలో ఇళ్లు కూలాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 13,800 మంది చనిపోయారు. తీవ్రత 7.6, 7.7 మధ్య. అదే అంజార్‌ను 1956 జులైలో వచ్చిన భూకంపం కూడా దెబ్బతీసింది. అప్పుడు పోయిన ప్రాణాలు 115. నలభై అయిదేళ్లు తిరగకుండానే ఒకే ఊరికి ఇన్ని చావులు.

భుజ్‌లో చాలామంది యాత్రికులు ఆయినా మహల్, ప్రాగ్ మహల్ చూసి, భుజియా కొండ మీద 2022లో తెరిచిన స్మృతివన్ మ్యూజియంకు వెళతారు. వెళ్లాల్సిందే. అయితే పాత భూకంపాల భాష తెలుసుకోవాలంటే హమీర్‌సర్ చెరువుకు కాస్త అవతలున్న ఛతర్డీల దగ్గర కొంత సేపు గడపాలి. కచ్ రాజకుటుంబీకుల స్మారక మండపాలివి. వాటిలో రావ్ లఖ్‌పత్‌జీ మండపం పద్దెనిమిదో శతాబ్దపు పనితనానికి మచ్చు. 2001లో ఇక్కడ చాలా మండపాలు దెబ్బతిన్నాయి, కొన్ని నేలమట్టమయ్యాయి. తెలిసిన కట్టడాన్ని తెలిసిన భూకంపం తెలిసిన రోజున ఎలా పడగొట్టిందో ఇక్కడ చూడవచ్చు. కూలకముందు తీసిన ఫొటోలూ ఉన్నాయి. రాతలేని శిథిలాన్ని చదవాలంటే ముందు ఇలాంటి చోటే అక్షరాభ్యాసం జరగాలి.

నాలుగు స్తంభాల మీద బరువైన గుమ్మటం నిలిపిన మండపాన్ని ఊహించండి. కింద నేల పక్కకు జరిగినప్పుడు పైనున్న బరువు వెంటనే కదలదు. స్తంభం మొదలు ఒక వైపుకు, తల ఒక వైపుకు లాగుతాయి. సున్నం పట్టులేని రాళ్లు తమ అరుగు మీదే కొద్దిగా గిర్రున తిరిగి ఆగిపోతాయి. కమాను నెత్తిన ఉండే రాయి ఒకటి రెండు అంగుళాలు జారి, పక్క రాళ్లు మళ్లీ బిగుసుకోగానే అక్కడే చిక్కుకుంటుంది. గోడ మూలలోని రాళ్లు బయటికి తన్నుకొస్తాయి. పగులు రాయికీ రాయికీ నడుమ అతుకు వెంట పోకుండా రాళ్లనే చీల్చుకుంటూ వరసలకు వరసలు దాటిపోతుంది. పునాది కుంగిన గోడా పగులుతుంది, రావి మొలిచిన గోడా పగులుతుంది. కానీ ఒక రాయి తన చోటు వదలకుండా పక్కకు తిరగడం మాత్రం చెట్టు వేరు వల్లా, వాన నీటి వల్లా సాధారణంగా జరిగే పని కాదు.

అయినా ఒక్క గుర్తుతో తీర్పు చెప్పేయకూడదు. వరసగా ఒకే దిక్కుకు పడిన స్తంభాలను చూడగానే, భూకంపం ఫలానా వైపు నుంచి వచ్చిందని చెప్పడం ఒకప్పుడు మామూలు. గలిలీ సరస్సుకు ఎగువన కొండమీదున్న సుసీతా నగర శిథిలాల్లో ఒక చర్చి గ్రానైట్ స్తంభాలు అలాగే పక్కపక్కన పడి ఉన్నాయి. ఆ ఫొటో పుస్తకాలకెక్కి ప్రసిద్ధమైంది. కానీ జర్మనీలో కొలోన్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లాస్ హిన్‌జెన్ 2009లో స్తంభాలు ఒరిగే తీరును కంప్యూటర్ మీద లెక్కగట్టి చూశారు. నేల ఊపు ఎటు మొదలైనా స్తంభం ఎటు పడుతుందో ముందే చెప్పడం కష్టమని ఆ లెక్కలు చూపాయి. ప్రకృతి ఊపు ఒకే గీతలో ఉండదు, క్షణక్షణానికీ దిక్కు మారుస్తుంది.

ఈ శాస్త్రానికి దొరికిన అత్యంత నిక్కచ్చి ఉదాహరణ కూడా అక్కడికి దగ్గర్లోనే, జోర్డాన్ నది రేవు దగ్గర ఉంది. 1178లో జెరూసలేం క్రైస్తవ రాజు నాలుగో బాల్డ్విన్ అక్కడ వాదుమ్ యాకోబ్ అనే కోట కట్టడం మొదలుపెట్టాడు. పూర్తికాకముందే, 1179 ఆగస్టులో, సలాదీన్ ముట్టడించి పట్టుకున్నాడు. తవ్వినవాళ్లకు కాలిన పొర, బాణపు ములుకులు, యుద్ధంలో చచ్చిన మనుషుల ఎముకలు దొరికాయి. అది యుద్ధపు సాక్ష్యం. దానితో సంబంధం లేకుండా కోట గోడలు రెండు చోట్ల అడ్డంగా తెగి, ఒక సగం రెండో సగం నుంచి 2.1 మీటర్లు పక్కకు జరిగి ఉన్నాయి. ఏ సైన్యమూ గోడను పునాదితో సహా అలా జరపలేదు. భూమి లోపలి భ్రంశం, అంటే రాతి పొరలు తెగి జారే పగులు, సరిగ్గా కోట కిందుగా పోతోంది. ఆ తర్వాతి కాలంలో కోట లోపల కట్టిన మసీదు గోడ జరిగింది అర మీటరు మాత్రమే. అంటే మసీదు కట్టకముందు ఒక భూకంపం కోటను 1.6 మీటర్లు జరిపింది, కట్టిన తర్వాత మరొకటి మిగతా అర మీటరు జరిపింది. చరిత్ర రాతల్లో వెతికితే 1202 మే, 1759 అక్టోబరు భూకంపాలు ఆ రెంటికీ సరిపోయాయి. యుద్ధం చేసిన పనినీ భూమి చేసిన పనినీ ఒకే గోడలో విడదీసి చూపగలగడం అరుదైన అదృష్టం. ఎక్కువ శిథిలాలు అంత తేటగా మాట్లాడవు.

కాలం నిర్ణయించడం మరో ఎత్తు. అదే ప్రాంతంలో బేత్ షాన్ అనే పెద్ద పట్టణం ఎనిమిదో శతాబ్దంలో ఒక్క ఊపున కూలింది. ఆ ఉత్పాతం గురించి రాసిన పాత గ్రంథకర్తలు తేదీల్లో కలవలేదు. కొందరు 746 అన్నారు, కొందరు 749 అన్నారు. శిథిలాల అడుగున దొరికిన బంగారు దీనార్లు ఆ గొడవ తేల్చాయి. వాటిలో అన్నిటికంటే కొత్త నాణెం హిజ్రీ 131లో ముద్రించినది. అంటే 748 ఆగస్టు చివరికి ముందు ఆ నాణెం పుట్టనే లేదు. దాచుకున్న మనిషి మళ్లీ వచ్చి తీసుకోలేకపోయిన ఆ సొమ్మే 749 జనవరిని ఖాయం చేసింది.

భుజ్‌కు దక్షిణాన 22 కిలోమీటర్లు పోతే కేరా వస్తుంది. ఊరి అంచున పదో శతాబ్దం నాటిదని చెప్పే లఖేశ్వర శివాలయం ఉంది. 1819లో గుడిలో ఎక్కువ భాగం కూలిపోగా గర్భగుడి నిలిచింది. 2001లో అది మళ్లీ దెబ్బతింది. వెయ్యేళ్ల కట్టడానికి రెండు వందల ఏళ్లలోపే రెండు పెద్ద దెబ్బలు. మరి అంతకుముందు ఎనిమిది వందల ఏళ్లలో ఏమీ జరగలేదా? గుడి అంతకాలం నిలబడి ఉంది కాబట్టి పెద్ద భూకంపమేదీ రాలేదని అనేయడం సులువు. కానీ మధ్యలో మరమ్మతులు జరిగి ఉంటే? కూలిన శిఖరాన్ని మళ్లీ కట్టి ఉంటే? అందుకే ఇలాంటి గుడికి వెళ్లినప్పుడు కూలిన భాగం కంటే నిలబడిన భాగం మీదే ఎక్కువసేపు చూపు నిలపాలి. రాయి రంగు ఎక్కడ మారింది, చెక్కడం వరస ఎక్కడ తప్పింది, ఒక కాలపు రాయి పక్కన మరో కాలపు రాయి ఎందుకు వచ్చింది అని. శిథిలం ఒక దెబ్బనే చెబుతుంది. మరమ్మతు దెబ్బతో పాటు దాని తర్వాత మనుషులు ఏం చేశారో కూడా చెబుతుంది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. పాత కట్టడాన్ని కాపాడాలన్న తాపత్రయంలో పడిన రాళ్లను హడావిడిగా తిరిగి పేర్చేస్తే, ఏ రాయి ఎటు పడింది, ఎంత తిరిగింది, పగులు ఎక్కడ మొదలైంది అన్న సంగతులన్నీ పోతాయి. కట్టడం బతుకుతుంది, సాక్ష్యం చస్తుంది. రెండూ కాపాడుకోవచ్చు. పడింది పడినట్టుగా ముందు కొలిచి, ఫొటోలు తీసి, గీసి పెట్టుకుని ఆపైన నిలబెడితే సరి. ఇది పెద్ద ఖర్చు కాదు. కొంత ఓపిక, ఎవరో ఒకరికి ఆ బాధ్యత అప్పగించడం, అంతే.

భుజ్ నుంచి భచావు మీదుగా తూర్పుకు, అక్కడి నుంచి రాపర్ వైపు తిరిగితే 2001 భూకంప కేంద్రం దగ్గరి పల్లెలు వస్తాయి. చోబారీ పరిసరాలు. పంట చేలు, గొర్రెల మందలు, కొత్త ఇళ్లు. నేల మీద పెద్ద చీలిక ఏదో కనబడుతుందని వెతికేవారికి ఏమీ కనబడదు. ఆ రోజు భ్రంశం లోతునే కదిలింది, దాని చీలిక పైదాకా రాలేదు. వేల చదరపు కిలోమీటర్ల నేలను కుదిపేసిన శక్తి తన గీతను మాత్రం లోపలే దాచుకుంది.

ఆ శక్తి మరో విధంగా బయటపడింది. రణ్‌లో, రేవు పక్కల్లో నేల కింద నీటితో తడిసిన ఇసుక ఊపుకి ద్రవంలా మారి, పైపొర పగులుల్లోంచి నీటితో పాటు చిమ్మింది. ఎండిపోయిన పాత వాగుల్లో నీళ్లు కనబడటంతో నదులు తిరిగొచ్చాయని కూడా కొందరు అనుకున్నారు. అలా పైకొచ్చిన ఇసుక తర్వాతి ఒండ్రు కింద కప్పబడి చెక్కుచెదరకుండా ఉండిపోతుంది. వందల ఏళ్ల తర్వాత ఎవరైనా అక్కడ గుంత తవ్వితే, అడ్డంగా పరుచుకున్న మట్టి పొరలను నిలువునా చీల్చుకుంటూ పోయిన తెల్లని ఇసుక గీత కనబడుతుంది. దాని కిందా పైనా ఉన్న బొగ్గు ముక్కల వయసు తేలిస్తే భూకంపం వయసూ తేలుతుంది. భూకంప శాస్త్రవేత్తలు సి.పి. రాజేంద్రన్, కుసలా రాజేంద్రన్ ఈ పని చేసే, 1819 భూకంపం వచ్చిన ప్రాంతంలోనే సుమారు 800 నుంచి 1000 ఏళ్ల కిందట అలాంటిదే మరొకటి వచ్చి ఉంటుందని సూచించారు. 2001 తర్వాత హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు కూడా కచ్‌లో యంత్రాలు నిలిపి, ఏళ్ల తరబడి వస్తూనే ఉన్న చిన్న ప్రకంపనలను నమోదు చేశారు. యంత్రం ఇవాళ్టి కదలికను చెబుతుంది. గుంతలోని ఇసుక గీత మొన్నటిది చెబుతుంది. ఇంకా వెనక్కి వెళ్లి మనుషుల మీద దాని ప్రభావమేమిటో తెలుసుకోవాలంటే ఊళ్లు కావాలి.

అలాంటి ఊరొకటి ఖదీర్ బేట్ మీద ఉంది. రణ్ మధ్యలో దీవిలాంటి ఎత్తు నేల. రాపర్ దాటాక పంటలు పలచబడి, ఒకచోట రోడ్డు ఉప్పు మైదానంలోకి దిగుతుంది. రెండు పక్కలా తెల్లటి చదును. ఎండ పెరిగేకొద్దీ దాని అంచు నీళ్లలా కదులుతుంది. ఆ తర్వాత మళ్లీ ఎర్రమట్టి, గుట్టలు, ధోలావీరా.

పురావస్తు శాస్త్రవేత్త జె.పి. జోషి ఈ స్థలాన్ని 1960ల చివర గుర్తించారు. ఆర్.ఎస్. బిష్ట్ నాయకత్వంలో పురావస్తు శాఖ 1990 ప్రాంతం నుంచి దాదాపు పదిహేనేళ్లు తవ్వింది. హరప్పా నాగరికతకు చెందిన ఈ నగరం సుమారు క్రీ.పూ. 3000 నుంచి 1500 దాకా బతికింది. ఏడాదికి 300 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని చోట, మన్సర్, మన్హర్ అనే రెండు వాన వాగులకు కట్టలు వేసి, నగరం చుట్టూ చెరువులు తొలిచి నీళ్లు దాచుకున్నారు. తూర్పు చెరువు పొడవు 73 మీటర్లు. మెట్ల మీద నిలబడి అడుక్కి చూస్తే ఆ కొండరాతిని పనిముట్లతో తొలిచిన చేతుల శ్రమ తెలుస్తుంది.

కోట భాగం తూర్పు ద్వారంలో నునుపుగా సానపట్టిన రాతి ముక్కలు ఉన్నాయి. స్తంభాల దిమ్మెలు, వాటి మీద ఒకదానిపై ఒకటి పేర్చడానికి చేసిన గుండ్రటి భాగాలు. అంచు మీద చెయ్యి వేస్తే ఈనాటికీ గరుకు తగలదు. ఉత్తర ద్వారం పక్క గదిలో పది అక్షరాల పెద్ద పలక దొరికింది. ఒక్కో అక్షరం ఎత్తు సుమారు 37 సెంటీమీటర్లు. తెల్లటి జిప్సం ముక్కలతో చెక్క మీద అతికించినది. చెక్క చివికిపోయి, అక్షరాలు మాత్రం వరస చెదరకుండా నేల మీద మిగిలాయి. ఇది ద్వారం మీంచి పడిందా? పడితే ఎందుకు పడింది? భూకంపం అనే మాట నోటి చివరికి వస్తుంది. ఆపుకోవాలి. ఆ పలకను భూకంపమే పడగొట్టిందని చెప్పడానికి పలక ఒక్కటే చాలదు.

చాలినంత సాక్ష్యం ఉన్నది గోడల్లో. బిష్ట్ ఈ నగర జీవితాన్ని ఏడు దశలుగా విభజించారు. మూడో దశ చివర తీవ్రమైన భూకంపం వచ్చిన గుర్తులు ఆయన తవ్వకాల్లో బయటపడ్డాయి. ఆ వెంటనే పెద్ద ఎత్తున మరమ్మతులు. అంతే కాదు, నగర ప్రణాళికలోనే మార్పులు జరిగాయి. ఊరు తూర్పుకు విస్తరించింది. ఆ తర్వాతి నాలుగో దశలోనే ధోలావీరా తన పూర్తి వైభవంలోకి వచ్చింది. ప్రళయం వచ్చింది, నాగరికత అంతమైంది అనే కథ వినసొంపుగా ఉంటుంది. ఇక్కడ రాళ్లు దానికి ఎదురు చెబుతున్నాయి. దెబ్బతిన్నవాళ్లు మళ్లీ కట్టుకున్నారు, ముందుకంటే బాగా కట్టుకున్నారు, ఆ తర్వాత వందల ఏళ్లు అక్కడే ఉన్నారు.

ధోలావీరాకు ఏడు వందల కిలోమీటర్లకు పైగా ఈశాన్యాన, రాజస్థాన్‌లో కాలీబంగన్ ఉంది. అక్కడ తొలి హరప్పా కాలపు ఊరు క్రీ.పూ. 2600 ప్రాంతంలో భూకంపంతో ముగిసిందని పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ చెప్పారు. పొరలు, గోడలు తెగి జరిగిన ఆనవాళ్లు తవ్వకంలో కనిపించాయి. మన దేశంలో కాలం చెప్పగలిగిన అతి పాత భూకంపం అదేనని ఆయన ప్రకటించారు. ఊరు కొంతకాలం ఖాళీగా ఉండి, తర్వాత మళ్లీ హరప్పా పట్టణంగా లేచింది. రెండు ఊళ్లూ ఒకే భూకంపానికి పడ్డాయా అని అడగాలనిపిస్తుంది. అంత పాత తేదీల్లో వందేళ్లు అటూ ఇటూ కావడం మామూలే. ఆ వందేళ్లలో రెండు వేర్వేరు భూకంపాలు ఇమిడిపోతాయి. పైగా అంత దూరం. కాబట్టి కలపకూడదు. మొహెంజొదారో విషయంలో ఇలాంటి తొందరపాటు ఒకసారి జరిగింది. 1960లలో రాబర్ట్ రైక్స్, జార్జ్ డేల్స్, సెహ్వాన్ దగ్గర భూమి పైకి లేచి సింధునదికి అడ్డుకట్టలా మారిందని, నిలిచిపోయిన నీటిలో నగరం మునిగిందని వాదించారు. సింధు ప్రవాహాన్ని ఎరిగిన హెచ్.టి. లాంబ్రిక్ ఒప్పుకోలేదు. ఒండ్రుమట్టి కట్ట అంతటి నదిని ఆపలేదు, నది దాన్ని కోసుకుపోతుందని ఆయన అన్నారు. ఆ సిద్ధాంతం నిలవలేదు.

ధోలావీరా 2021 జులై 27న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దానికి సరిగ్గా రెండు రోజుల ముందు, అదే సమావేశంలో, చేరింది మన రామప్ప. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన గుడి. ఇసుక నింపిన పునాది మీద నిలిచిందని, అందుకే భూకంపాలను తట్టుకుందని అక్కడికి వెళ్లిన ప్రతివారికీ చెబుతారు. ఇసుక పునాది కాకతీయుల గొప్ప ఆలోచనే, అందులో అనుమానం లేదు. కానీ కేరాలో అడిగిన ప్రశ్నే రామప్పలోనూ అడగాలి. ఏ భూకంపం, ఎప్పుడు, ఏ గుర్తు? కాకతీయ గుళ్లలో కనిపించే వంకరలు నేల ఊపు వల్ల వచ్చాయా, ఎనిమిది వందల ఏళ్ల వాననీటికి అడుగున ఇసుక సర్దుకోవడం వల్ల వచ్చాయా? రెండింటికీ గుర్తులు వేరు. రెండూ ఒకేచోట కలిసి ఉండటమూ సాధ్యమే.

ఇది పనిలేని చర్చ కాదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4 ఉదయం 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం కేంద్రం ములుగు జిల్లాలోనే, అంటే రామప్ప ఉన్న జిల్లాలోనే. గోదావరి లోయ ప్రశాంతమైన నేల కాదని అది గుర్తుచేసింది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పి, మళ్లీ పేర్చి 2024 మార్చిలో తెరిచారు. ఇలా కాకతీయ కట్టడాన్ని విప్పే ప్రతి సందర్భమూ పునాదిని, రాళ్ల కదలికను చదివే అవకాశం. అలాంటి చోటికి శిల్పితో పాటు భూకంప శాస్త్రవేత్త కూడా మొదటి రోజు నుంచీ రావాలి. గోదావరి లోయలో గత వెయ్యేళ్లలో ఎంత పెద్ద ఊపులు వచ్చాయో చెప్పగలిగేవి మన గుళ్లు, కోటలు, చెరువు కట్టలే. వాటిని ఆ కన్నుతో వరసగా చూసే పని పెట్టుకోవాలి.

ధోలావీరా నుంచి ఖావ్డా మీదుగా భుజ్‌కు తిరిగొచ్చే కొత్త రోడ్డు రణ్‌ను నిట్టనిలువునా కోసుకుపోతుంది. ఖావ్డా వైపు పల్లెల్లో గుండ్రటి భుంగా ఇళ్లు కనిపిస్తాయి. మట్టి గోడ, గడ్డి కప్పు, గోడల మీద అద్దాల పని. 2001లో కాంక్రీట్ మేడలు కూలిన చోట కూడా ఇవి చాలావరకు నిలిచాయి. మూలలు లేని గుండ్రటి గోడ ఊపును సమంగా పంచుకుంటుంది, కప్పు తేలిక. 1819 తర్వాతే ఈ ఆకారం స్థిరపడిందని కచ్‌లో చెప్పుకుంటారు.

చివరి మజిలీ లఖ్‌పత్. భుజ్‌కు వాయవ్యాన 135 కిలోమీటర్ల దూరం, దారి పొడుగునా మనుషులు తక్కువ. ఏడు కిలోమీటర్ల కోటగోడ లోపల కొన్ని వందల మంది, ఒక దర్గా, ఘౌస్ మహమ్మద్ సమాధి, గురునానక్ ఆగాడని చెప్పే గురుద్వారా. 2001లో దెబ్బతిన్న ఆ గురుద్వారా మరమ్మతుకు 2004లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. గోడ ఎక్కితే ఎదురుగా కోరీ క్రీక్, బురద మైదానం, బీఎస్ఎఫ్ కాపలా. అవతల పాకిస్తాన్.

అక్కడికి ఈశాన్యాన, సామాన్యులు వెళ్లలేని సరిహద్దు రణ్‌లో, 1819 భూకంపపు అసలు గుర్తు ఉంది. ఆ సాయంత్రం దాదాపు 80 కిలోమీటర్ల పొడవున నేల మూడు నుంచి ఆరు మీటర్ల మేర పైకి లేచి గట్టులా నిలిచింది. మనుషులు కట్టిన కట్టల నుంచి వేరుచేసి జనం దాన్ని అల్లా బంద్ అన్నారు. దానికి దక్షిణాన నేల కుంగి, సింద్రీ అనే కచ్ దర్బారు సుంకాల ఠాణా నీటిలో మునిగింది. అక్కడున్నవాళ్లు బురుజు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, పడవలు వచ్చి వాళ్లను తీసుకుపోయాయి. 1827, 1828లలో అలెగ్జాండర్ బర్న్స్ అక్కడికి వెళ్లి చూశాడు. నీటిలోంచి బురుజు తల పైకి కనిపిస్తూనే ఉంది. చార్లెస్ లయల్ తన భూగర్భ శాస్త్ర గ్రంథంలో సింద్రీకి చోటిచ్చాడు. భూకంపం నేలను శాశ్వతంగా పైకి లేపగలదు, కిందికి దించగలదు అనడానికి ప్రపంచమంతా చదువుకున్న తొలి ఉదాహరణల్లో అదొకటి.

లఖ్‌పత్ గురించి పర్యాటకులకు చెప్పే కథ చిన్నది. సింధు పాయ ఇక్కడ పారేది, రేవు లక్షల కోరీలు (కచ్ నాణేలు) సంపాదించేది, 1819లో భూకంపం వచ్చి నదిని మళ్లించింది, ఊరు చచ్చింది. పాత రాతలు చదివితే కథ అంత సాఫీగా లేదు. 1760లలోనే సింధ్ పాలకుడు గులాం షా కల్హోరా ఎగువన కట్ట వేసి కచ్ వైపు నీళ్లు తగ్గించాడు. 1802 ప్రాంతంలో అలీ బందర్ దగ్గర మరో కట్ట పడింది. లఖ్‌పత్ కోటను కచ్ సేనాని ఫతే మహమ్మద్ ఇంచుమించు ఆ కాలంలోనే, 1801లో, పటిష్ఠం చేయించాడు. నది అప్పటికే బక్కచిక్కింది. భూకంపానికి ముందు పోటు తగ్గినప్పుడు లఖ్‌పత్ దగ్గర పాయ అడుగు లోతు కూడా ఉండేది కాదు, నడిచి దాటేవారు. భూకంపం తర్వాత అదే చోట, అదే పోటు తగ్గిన సమయంలో లోతు 18 అడుగులకు పైబడిందని లయల్ రాశాడు. మూతబడిన పడవల దారి మళ్లీ తెరుచుకుంది. 1826లో సింధు వరద ఎగువ కట్టలనూ అల్లా బంద్‌నూ తెంచుకుని సింద్రీ సరస్సులోకి దూకింది.

కాబట్టి 1819 లఖ్‌పత్‌ను ఒక్క రోజులో చంపలేదు, కొంతకాలం దానికి లోతైన రేవునే ఇచ్చింది. ఊరిని ఖాళీ చేసినవాటిలో ఎగువ కట్టల వంతు ఎంత, పూడిక వంతు ఎంత, 1839లో ఇంగ్లిషువాళ్ల చేతికి చిక్కి పెరిగిన కరాచీ రేవు వంతు ఎంత, భూమి ఊపు వంతు ఎంత అన్నది విడదీసి లెక్కగట్టాలి. లఖ్‌పత్ కోటగోడలోని పగుళ్లలో 1819వి కొన్ని, 2001వి కొన్ని, ఉప్పుగాలికి రాయి పొరలూడిపోగా వచ్చినవి కొన్ని. ఏది ఏదో తేల్చాలంటే ఏడు కిలోమీటర్ల గోడ వెంట నడుస్తూ, పాత ఫొటోలు పక్కన పెట్టుకుని, ఒక్కో పగులునూ కొలవాల్సిందే.